పేరు, మాట, అంకె

హాలిఫాక్స్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్న చలికాలంలో, మనవరాలిని బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. మా కోడలు అకాడియన్. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి వచ్చి, ఇప్పటి నోవా స్కోషియాలో, మిక్మా ఆదివాసుల నేల మీద, సముద్రపు పోటుకి అడ్డంగా కట్టలు పోసి ఉప్పునేలను సాగులోకి తెచ్చిన రైతుల సంతతి. వాళ్ల వైపు కొమ్మలు పది తరాల దాకా పోయాయి. నా వైపు కొమ్మ మా అమ్మమ్మ దగ్గరే ఆగింది. ఆవిడ పేరు తెలుసు. పుట్టింటి ఇంటిపేరు తెలియదు.

కోడలితో కూర్చుని 1671 నాటి జనాభా లెక్క చదివాను. అకాడియా తిరిగి ఫ్రాన్స్ చేతికి వచ్చిన మరుసటి ఏడు, లోరాన్ మోలాన్ అనే ఫాదరీ ఇల్లిల్లూ తిరిగి రాసిన లెక్క. ఇంటి యజమాని, అతని వృత్తి, వయసు, భార్య, పిల్లలు, పశువులు, సాగునేల. భార్యల పేర్ల పక్కన వాళ్ల పుట్టింటి పేర్లే ఉన్నాయి. పెళ్లయినా ఆ పేరు పోదు. నాకు అసూయ కలిగింది. నా సర్టిఫికెట్లలోనే నాకు రెండు ఇంటిపేర్లున్నాయి.

కానీ చదివేకొద్దీ అర్థమైంది, పేరు దక్కినంత మాత్రాన మాట దక్కలేదని. ఆ స్త్రీలు ఏం అనుకున్నారో ఒక్క ముక్క లేదు. మాట వినిపించేది ఎదురు తిరిగిన ఇళ్లలోనే. ఎతియెన్ రొబిషో అనే రైతు, తన పశువుల లెక్క చెప్పనని చెప్పమని భార్యకు అప్పగించి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. అధికారానికి ఎదురు నిలబడే పని ఆమె నెత్తిన పడింది. పియర్ మెలాన్సన్ అనే దర్జీ కూడా చెప్పనన్నాడు. అతని భార్య ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటివి అడుగుతూ వీధుల వెంట తిరగడానికి నీకేమన్నా పిచ్చా అన్నట్టు ఫాదరీని నిలదీసింది. ఆయన చిరాకుపడి కాబోలు, అది కూడా రాసిపెట్టాడు. ఆ పద్దులో ఆమె ఉత్త 'భార్య'. మేరీ మార్గరీట్ మియూస్ దాంత్రెమాన్ అన్న పేరు వేరే ఆధారాల వల్ల తెలుస్తుంది. మా కోడలి పూర్వీకుల్లో ఆమె ఒకరు.

లెక్క చెప్పకపోవడం మూర్ఖత్వమా, వివేకమా? ఆ దర్జీ కుటుంబం తర్వాత గ్రాన్‌ప్రేలో మొదట స్థిరపడిన వాళ్లలో ఒకటి. అదే గ్రాన్‌ప్రేలో 1755 సెప్టెంబరు 5న, బ్రిటిష్ సేనాని జాన్ విన్‌స్లో పదేళ్లు దాటిన మగవాళ్లందరినీ చర్చికి పిలిపించాడు. 418 మంది వచ్చారు. భూములూ ఇళ్లూ పశువులూ రాజుగారివి, మిమ్మల్ని ఈ దేశం నుంచి పంపేస్తున్నాం అని చదివి వినిపించాడు. అతని జాబితాలో మగవాళ్ల పేర్లున్నాయి. పశువులకు రకాలవారీ లెక్కుంది. పెళ్లయిన స్త్రీలు మాత్రం 337. పేర్లు లేవు.

అంటే పేరుండి మాట లేని వాళ్లు, మాట ఉండి పేరు లేని ఆమె, రెండూ లేక అంకె అయిన వాళ్లు.

కథలు రాసేదాన్ని కాబట్టి ఆ 337 మందికీ పేర్లు పెట్టాలనిపించింది. చరిత్ర మింగేసిన స్త్రీలకు గొంతునివ్వడం మన బాధ్యత అని ఎన్నో సభల్లో అన్నాను. ఆ రాత్రి మాత్రం సందేహం వచ్చింది. అడగకుండా లెక్కబెట్టినవాడికీ, అడగకుండా పేరు పెట్టే నాకూ తేడా ఏమిటి? ప్రేమ ఒక్కటే చాలా? నా ఊహను ఊహ అని చెప్పి కథ రాయొచ్చు. వంశవృక్షంలో మాత్రం రాయకూడదు. అక్కడ ఖాళీ కూడా సాక్ష్యమే. దాన్ని పూడిస్తే ఎవరు ఖాళీ చేశారన్న ప్రశ్న కూడా పూడిపోతుంది.

అన్ని కాగితాలూ పాలకులవే కావు. ఓడలెక్కించిన గ్రాన్‌ప్రే వాళ్ల చర్చి రిజిస్టర్లు ప్రవాసంలోకి వెళ్లాయి. మిగిలిన భాగం ఇప్పుడు లూసియానాలో, బేటన్ రూజ్ క్యాథలిక్ డయోసిస్ ఆర్కైవ్స్‌లో ఉంది. అందులో బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ, తల్లుల పేర్లతో సహా. భూమి పోయినవాళ్లు పుస్తకాన్ని వదల్లేదు. ఎవరు ఎవరి కోసం రాసుకుంటారన్న దాన్నిబట్టి అదే పేరు సంకెలా అవుతుంది, చుట్టరికమూ అవుతుంది.

మర్నాడు తెనాలికి, మా పిన్నికి ఫోన్ చేశాను. అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరేమిటని అడిగాను.

"ఇప్పుడవన్నీ ఎందుకే నీకు, పనీపాటా లేదా?" అంది.

దర్జీ భార్య గుర్తొచ్చి నవ్వుకున్నాను. చాలాసేపు ఆలోచించి, తనకీ గుర్తు లేదంది. మనవరాలు ఆ గడిని ఖాళీగానే ఉంచింది. కింద మాత్రం, నేను చెప్పలేదు, తనే రాసుకుంది: 'అడిగాం'.