కంచె లోపలి కరుణ

జింకను చంపటం తప్పా, ఒప్పా అని అడగగానే మనలో చాలామంది మనస్సు ఒకవైపుకే ఒరుగుతుంది. పెద్ద కళ్లు, సన్నని కాళ్లు, బెదురు చూపు: వాదం మొదలుకాక ముందే జింక గెలుస్తుంది. అయితే నీతి ప్రశ్నలు గాలిలో పుట్టవు. ఎక్కడ, ఎవరి నేలమీద, ఎవరి మేలుకోసం, ఎవరి నిర్ణయంతో అన్న మాటలు చేర్చకుండా చంపవచ్చునా, కూడదా అని తర్కిస్తే, వచ్చే సమాధానం మంచివాళ్ల మనస్సుకు తృప్తినిస్తుంది గాని సమస్యను ఉన్నచోటునుంచి కదిలించదు. అందుకని ఆ ప్రశ్నను ఒక నిర్దిష్టమైన చోట నిలబెట్టి చూద్దాం. అమెరికా తూర్పు తీరాన, జనం ఇళ్లు కట్టుకుని కాపురముంటున్న దీవుల్లో, సొంత స్థలాల్లో జింకల వేట సాగాలా, వద్దా అన్న తగాదా కొన్ని దశాబ్దాలుగా నడుస్తున్నది. దూరపు తగాదాయే. కాని ఆస్తికీ కరుణకూ ఉన్న చుట్టరికం అందులో బయటపడినంత స్పష్టంగా మన దగ్గరి విషయాల్లో బయటపడదు.

ఆ చుట్టరికం మనకు కొత్తదేమీ కాదు. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు విల్లెక్కుపెట్టి లేడిని తరుముకొస్తాడు. తపస్వి చెయ్యెత్తి అడ్డుపడతాడు. రాజు బాణం దించుతాడు. ఇందులో కరుణరసాన్ని గురించి మన పండితులు చాలా చెప్పారు. కాని తపస్వి వాదంలో మొదటి మాట ఏమిటి? అది ఆశ్రమమృగం, కనక చంపరాదు అన్నది. నిరపరాధిని కొట్టటానికి కాదు రాజు ఆయుధమన్న మాటకూడా అంటాడు, నిజమే. అయినా వాదం నిలబడేది హద్దుమీద. హద్దుకు ఆవల పుట్టిన లేడికి ఆ రక్షణ లేదు. (రెండో అంకంలో రాజు వేట మానేస్తాడు గాని, అది లేళ్లమీద దయతో కాదు, శకుంతలమీద మనసుపడి!) లేడికి మాత్రం ఆశ్రమపు హద్దు ఎక్కడో తెలియదు.

ఇక అమెరికా సంగతి. అక్కడ తెల్లతోక జింకలు 1900 నాటికి దాదాపు అంతరించే స్థితికి వచ్చాయి. దేశమంతటా కలిపి మూడు నుంచి అయిదు లక్షలు మిగిలాయని అంచనా. వాటిని ఆ గతికి తెచ్చింది ఆకలిగొన్న రైతు కాదు, మార్కెట్టు. చర్మాన్నీ మాంసాన్నీ రైళ్లమీద నగరాలకు పంపి అమ్మిన వ్యాపారం. తర్వాత చట్టాలు వచ్చాయి, అడవి మాంసం అమ్మకం ఆగింది, జింకలు కోలుకున్నాయి. ఈనాడు వాటి సంఖ్య సుమారు మూడు కోట్లు అంటున్నారు. ఈ మధ్యలో తూర్పు రాష్ట్రాల్లో తోడేలునూ కొండసింహాన్నీ మనుషులు తుడిచిపెట్టారు. అడవిని ముక్కలు చేసి ఇళ్లు కట్టారు. ఇళ్లచుట్టూ పచ్చిక, పూలమొక్కలు పెంచారు. జింకకు ఇంతకంటె మంచి మేత ఎక్కడుంది? మేత బాగుంటే ఆడజింక ఏటా రెండు పిల్లల్ని ఈనుతుంది. ఒకప్పుడు మార్కెట్టు వాటిని లేకుండా చేయబోయింది; ఇప్పుడు ఆస్తి వ్యవస్థ వాటిని మోయలేనంతగా పెంచింది.

ఆస్తి వ్యవస్థ అని ఎందుకంటున్నానంటే, అక్కడి చట్టంలో ఒక విచిత్రం ఉంది. అడవిమృగం ఎవరి సొత్తూ కాదు. ప్రజల తరఫున రాష్ట్ర ప్రభుత్వం దానికి ధర్మకర్త. నా పెరట్లో మేస్తున్న జింక నాది కాదు. కాని దానికోసం నా పెరట్లో అడుగుపెట్టవద్దని ఎవరినైనా అడ్డగించే హక్కు మాత్రం నాది. మృగం ఉమ్మడిది, దాని దగ్గరకు పోయే దారి సొంతది! పెద్ద ఎస్టేటు యజమాని ఈ హక్కును వేటగాళ్ల క్లబ్బుకు కౌలుకిచ్చి డబ్బు చేసుకుంటాడు. దీవిలో వేసవి బంగళా కట్టుకున్నవాడు అదే హక్కుతో వేట నిషిద్ధమని బోర్డు పెట్టి జీవకారుణ్యమంటాడు. మొదటివాణ్ణి తిట్టి రెండోవాణ్ణి మెచ్చుకోవటం మనకు సులభం. కాని ఇద్దరి చేతిలోనూ ఉన్న పనిముట్టు ఒకటే.

దీవిమీద ఆ పనిముట్టు పదును ఎక్కువ. చుట్టూ నీళ్లు. స్థలాలు ముక్కలుముక్కలు. పది స్థలాల్లో వేటకు అనుమతి ఉండి, ఆ పక్క పది స్థలాల్లో లేకపోతే, ఎక్కడ తుపాకి మోగదో జింకలు కొద్దిరోజుల్లోనే కనిపెడతాయి. పగలంతా దయామయుడి తోటలో పడుకుని, రాత్రి చుట్టుపక్కలంతా మేస్తాయి. ఆయన దయకయ్యే ఖర్చు ఆయన ఒక్కడే భరించడు. నేలకు దగ్గరగా ఉండే చిన్న మొక్కలు పోతాయి, వాటిలో గూళ్లు కట్టే పిట్టలు పోతాయి. కార్లకు జింకలు గుద్దుకుంటాయి. అన్నిటికంటె ముఖ్యం, పిడుదులు. 1975 ప్రాంతంలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊళ్లో పిల్లలకు కీళ్లవాపులు వచ్చినప్పుడు బయటపడిన జబ్బు ఇది. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1982లో గుర్తించారు. ఆ సూక్ష్మజీవికి నిలవచోటు ఎలుకలు. జింక దాన్ని మోయదు. కాని ఎదిగిన పిడుదు కడుపునిండా రక్తం తాగి గుడ్లు పెట్టటానికి జింకే ఆధారం. అంటే జింక నేరస్థురాలు కాదు, జబ్బు పెరిగే యంత్రంలో ఒక చక్రం. ఆ పిడుదు ఎక్కువగా కుట్టేది ఎవర్ని? ఆ తోటల్లో గడ్డి కోసే కూలీకి, పొదలు నరికే పనివాడికి ఆ ప్రమాదం మిగతావాళ్లకంటె ఎక్కువ. బోర్డు పెట్టిన పెద్దమనిషి వేసవి గడిచాక నగరానికి వెళ్లిపోతాడు.

దక్షిణ కరోలినాలో హిల్టన్ హెడ్ అనే దీవి ఉంది. అక్కడి జింకలు తరతరాలుగా వేరుపడి బతకటంవల్ల శాస్త్రజ్ఞులు వాటిని ప్రత్యేక ఉపజాతిగా లెక్కించి, దీవి పేరే పెట్టారు. ఆ దీవి చరిత్ర ఈ ప్రశ్నకు వ్యాఖ్యానంలా ఉంటుంది. 1861 నవంబరు 7న ఉత్తరాది నౌకాదళం ఆ ప్రాంతాన్ని పట్టుకోగానే పత్తితోటల యజమానులు పారిపోయారు, బానిసలు మిగిలారు. 1862లో వాళ్లకోసం మిచెల్‌విల్ అనే ఊరు వెలిసింది. నిన్నటిదాకా అంగడి సరుకుగా ఉన్న మనుషులు తమ పెద్దల్ని తామే ఎన్నుకున్నారు, పిల్లలకు చదువు తప్పనిసరి చేశారు. వాళ్ల సంతతే గల్లా ప్రజలు. చిన్న చిన్న కమతాలు కొనుక్కున్నారు, చేపలు పట్టారు, కంచెలు లేని నేలమీద వేటాడి తిన్నారు. మిగతా భూమి ఉత్తరాది ధనికుల చేతుల్లో పడింది. 1930లలో వాల్‌స్ట్రీట్ పెద్దలిద్దరు దీవిలో అధికభాగాన్ని తమ వేటకోసం ఉంచుకున్నారు. 1956లో వంతెన వచ్చింది. వెంటనే దీవి దక్షిణపు కొసన సీ పైన్స్ ప్లాంటేషన్ అనే నివాస కాలనీ లేచింది; తర్వాత దాని తరహాలోనే మరికొన్ని. గేటు, కాపలావాడు, లోపలికి పోవటానికి చీటీ. బానిసలు చాకిరీ చేసిన చోటికి ఉన్న పేరునే సిగ్గులేకుండా విలాసగృహాలకు పెట్టుకున్నారు! వీలునామాలు లేకుండా వారసులందరికీ ఉమ్మడిగా దక్కిన గల్లా భూములు పన్నుల కింద, వేలాల కింద క్రమంగా కరిగిపోయాయి. బ్రాడక్ పాయింట్ శ్మశానం సీ పైన్స్ లోపల చిక్కుకుపోయింది. తమ తాతల సమాధులు చూడటానికి మనుషులు గేటు దాటవలసి వచ్చింది. జింకలకు ఆ ఇబ్బంది లేదు.

1990ల చివర ఆ కాలనీలో జింకలు మరీ ఎక్కువయ్యాయని, కాల్చి తగ్గించటానికి రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ అనుమతి ఇచ్చింది. వన్యప్రాణి రక్షణ సంఘంవాళ్లు కోర్టుకెక్కారు. 2001లో దక్షిణ కరోలినా సుప్రీంకోర్టు వాళ్లకు వ్యాజ్యం వేసే అర్హతే లేదన్నది. జింక చస్తే నీకు స్వయంగా జరిగిన నష్టమేమిటి అన్నది చట్టం వేసిన ప్రశ్న. బూర్జువా న్యాయశాస్త్రం తన స్వభావాన్ని ఇంత సూటిగా చెప్పుకోవటం అరుదు. నష్టం అంటే ఒకడి నష్టమే. అందరిదీ అయినది ఎవరిదీ కాదు. అయితే కోర్టుకెక్కినవాళ్ల వాదంలోనూ మరొక లోపం ఉంది. ఆ తగాదా అంతా గేటు లోపలి జింకల గురించి. ఆ నేల నుంచి వెళ్లగొట్టబడినవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు.

మన పాఠకులకు ఇక్కడ మార్క్సు గుర్తురాక మానడు. కాపిటల్ మొదటి సంపుటంలో, ఆదిమ సంచయాన్ని వివరిస్తూ, స్కాట్లండు కొండసీమల్లో రైతుల్ని తరిమి గొర్రెల్ని దించటం, ఆ తర్వాత గొర్రెల్ని కూడా తీసేసి దొరల వేటకోసం జింకల అడవులు చేయటం ఆయన రాశాడు. చెట్లులేని ఆ అడవుల్ని చూసి ఆయన వెటకారం చేశాడు కూడా. అంతకుముందు, 1723లో, ఇంగ్లండు పార్లమెంటు చేసిన బ్లాక్ యాక్ట్ ప్రకారం మొహానికి మసి పూసుకుని జింకను వేటాడినవాడికి ఉరిశిక్ష. ఆ చట్టం వెనక ఏ వర్గాల పోరాటముందో ఇ.పి. తామ్సన్ 1975లో ఒక పుస్తకమంతా రాసి చూపించాడు. ఇవి చదివినవాళ్లకు ఒక సులువైన ముగింపు తోస్తుంది: జింకను కాపాడేవాడు దొర, వేటాడేవాడు పేద, కనక వేట పక్షాన నిలబడదాం. నేను దీనితో ఏకీభవించను. విండ్సర్ అడవిలో నిజమైనది ఈనాటి దీవుల్లో నిజం కానక్కరలేదు. లైసెన్సు, ఖరీదైన తుపాకి, కౌలుస్థలం ఉన్న ఈనాటి వేటగాణ్ణి మొహానికి మసి పూసుకున్న రైతుతో పోల్చటం చరిత్రను వేషంగా తొడుక్కోవటమే.

ఇప్పుడు మరొక దీవి. మెయిన్ రాష్ట్రపు తీరానికి దూరంగా, సముద్రంలో, మొన్‌హెగన్. ఏడాది పొడవునా ఉండేవాళ్లు వందకు లోపు. రొయ్యజాతికి చెందిన లాబ్‌స్టర్లు పట్టి బతుకుతారు. వాళ్లలో ఒక ఆచారం ఉంది: సీజను మొదట్లో అందరూ ఒకేరోజు బుట్టలు నీళ్లలో దించుతారు, ఒకడి పడవ సిద్ధం కాకపోతే మిగతావాళ్లు ఆగుతారు. దీవిలో అడవి నేల ఎక్కువభాగం 1954లో పుట్టిన ఒక ట్రస్టు చేతిలో, అందరికీ నడిచే దారులతో, ఉంది. అక్కడికి జింకల్ని మనుషులే 1950లలో తెచ్చి వదిలారు. అవి వంద దాటాయి. లైమ్ జబ్బు ఇంటింటికీ ఎవరో ఒకరు ఎరిగినవాళ్లకు వచ్చే స్థితి ఏర్పడ్డాక, 1996-1999 మధ్య, తుపాకి నిపుణుణ్ణి పిలిపించి జింకల్ని పూర్తిగా తీసేశారు. పిడుదులు వెంటనే పోలేదు. కొన్నేళ్లకు పిల్ల పిడుదులు దాదాపు కనిపించకుండా పోయాయి. ఇదంతా అందరి మనస్సుకూ ఎక్కి జరిగిందని నేననను. కాని ఏ ఒక్కడి గేటూ అక్కడ ప్రశ్నను తేల్చలేదు. జబ్బుపడేవాళ్లూ, నిర్ణయం తీసుకునేవాళ్లూ, మర్నాడు తుపాకి చప్పుడు వినేవాళ్లూ ఒకరే.

దీనిమీద తత్త్వవేత్తల అభ్యంతరం గట్టిదే. 1983లో టామ్ రేగన్ అనే అమెరికన్, ప్రతి జంతువూ తన బతుక్కు తానే కర్త అనీ, మంద మేలుకో, నేల మేలుకో ఒక ప్రాణిని బలిపెట్టటం ఫాసిజం లాంటిదేననీ వాదించాడు. ఆయన బాణం తగిలేది ఆల్డో లియోపోల్డుకు. మరణానంతరం 1949లో అచ్చయిన పుస్తకంలో లియోపోల్డు నేలనూ నీటినీ మొక్కనూ మృగాన్నీ ఒకే సమాజంగా చూడమన్నాడు. యౌవనంలో తాను తోడేళ్లను కాల్చి, తోడేళ్లు లేని కొండను జింకలు ఎట్లా తినేశాయో తర్వాత చూసినవాడు. రేగన్ చెప్పినదాంట్లో ఒకటి నేను వదులుకోలేను. చచ్చే ప్రతి జింకా ఒక జింకే, అంకె కాదు. తీర్మానం ఎంతమంది చేసినా దానికి నొప్పి తగ్గదు. కాని తోడేలును తీసేసినవాళ్లమూ, జింకను దీవికి తెచ్చినవాళ్లమూ మనమే అయినప్పుడు, చేతులు కట్టుకు కూర్చోవటం నిర్దోషిత్వం కాదు. మేత తగ్గి శీతాకాలంలో ఎండి చచ్చే జింక కూడా మన చేతిమీదుగానే చస్తున్నది. న్యూయార్కు దగ్గర ఫైర్ ఐలండులో 1993 నుంచి ఆడజింకలకు గర్భనిరోధపు మందు సూదిబాణాలతో ఎక్కించారు. కొన్ని నివాసాల్లో సంఖ్య తగ్గింది కూడా. అది సాధ్యమైనచోట అదే చేయాలి. దానికి డబ్బు, ఓపిక, ఏళ్ల తరబడి పని, అన్నిటికంటె ముందు ప్రతి స్థలంలోకీ పోనిచ్చే ఒప్పందం కావాలి. అంటే దయకు కూడా ముందు గేటు తెరుచుకోవాలి. సొంత స్థలం ఎవరి ఇష్టానికి వాళ్లు వేటాడుకోవటానికిగాని, ఎవరి ఇష్టానికి వాళ్లు వేటను ఆపటానికిగాని చాలిన అధికారం కాదని నా అభిప్రాయం. ఒకే నీటిచుట్టులో ఉన్నవాళ్లంతా, స్థలమున్నవాడూ, ఆ స్థలంలో గడ్డి కోసేవాడూ, కూర్చుని తేల్చవలసిన పని అది.

చివరికి మాంసం సంగతి ఒకటి మిగులుతుంది. అడవి జింక మాంసం అమ్మకూడదు కనక, ఇట్లా చంపిన జింకల మాంసాన్ని ఆ దేశంలో చాలాచోట్ల పేదల భోజనశాలలకు దానమిస్తారు. పారేయటంకంటె అది మేలే. కాని ఆ పళ్లెం ముందు కూర్చున్న మనిషి తాతకు కంచె లేనినాడు అది దానం కాదు, తన వేట. ఎన్ని జింకల్ని చంపాలో తేల్చిన సమావేశానికి ఆ మనిషిని పిలిచినవాళ్లు లేరు.