మంత్రము నిద్రకు మందగునా?

1757లో విజయనగర ప్రభువైన విజయరామరాజు బుస్సీ నడపిన ఫ్రెంచి సేనల తోడ్పాటుతో బొబ్బిలి కోటను గెలిచెను. ఆ వార్త విని రాజాము నుండి బయలుదేరిన తాండ్ర పాపారాయుడు, కొద్ది రాత్రులలోనే శత్రువు గుడారమున జొరబడి, నిద్రించుచున్న విజేతను కడతేర్చెను. ఈ గాథను రాజాము ప్రాంతమువారు పౌరుషగాథగా చెప్పుకొందురు. అందు మరియొక పాఠమును గలదు. గెలుపు, సైన్యము, గుడారము చుట్టును కావలి, ఇవి యేవియు ఆ నిద్రను కాపాడజాలకపోయినవి. నిద్రించుట యనగా ఆయుధములన్నియు విడిచి తన్ను తాను అప్పగించుకొనుటయే. ఎవరికి అప్పగించుకొనుచున్నామన్నదే ప్రశ్న.

నేడు గుమ్మమున శత్రువు లేకున్నను నిద్ర రాక పొరలువారు ప్రతి యూరను గలరు. వారిలో కొందరు పండుకొని, ఊపిరి నెమ్మదిగా విడుచుచు పంచాక్షరిని జపింతురు. కొంతసేపటికి కన్ను మూతపడును. దీనికి పెద్దలు కొందరు అభ్యంతరము చెప్పుదురు. మంత్రము అష్టావరణములలో నొకటి. ముక్తిసాధనమైన దానిని నిద్రమాత్రగా వాడుకొనుట అపచారము కాదా యని వారి శంక. ఇది తోసిపుచ్చదగిన శంక కాదు.

ముందుగా శరీరధర్మమును చూడవలెను. విశ్రాంతిగా నున్న పెద్దవారు నిమిషమునకు సుమారు 12 నుండి 20 మార్లు ఊపిరి పీల్తురు. దీర్ఘముగా ఊపిరి విడిచినపుడు గుండె వేగము తగ్గును. శరీరమును శాంతపరచు నాడీవ్యవస్థ మేల్కొనును. ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి, ఆయన సహచరులు 2001లో ప్రకటించిన పరిశోధనలో, లాటిను భాషలో క్రైస్తవ జపమాల చెప్పినను, బౌద్ధుల మణిమంత్రము చెప్పినను శ్వాస నిమిషమునకు ఆరింటికి దిగివచ్చినట్లు కనుగొనిరి.

అట్లయిన ఏ శబ్దమైనను చాలును గదా, పంచాక్షరి యేల? నిజమే, ఊపిరితిత్తులు అర్థము నడుగవు. కాని మనస్సు అడుగును. వీరశైవుని వక్షమున ఇష్టలింగము పగలును రాత్రియు వీడక యుండును; పూజావేళ ముగిసినదని దానిని గూట బెట్టి నిద్రింపడు. ప్రతి ఉచ్ఛ్వాసముతో లింగము లేచును, ప్రతి నిశ్వాసముతో దిగును. లింగము పడకపై నుండదగినపుడు లింగనామము ఉండరానిదెట్లగును? దేహమే దేవాలయమని బోధించిన బసవేశ్వరుని మార్గమున దేహమునకు విశ్రాంతి నొసగుట దేవాలయ రక్షణమే. నిద్ర లేనివాడు మరునాడు కాయకమును సరిగా చేయజాలడు.

కావున అపచారము మంత్రముతో నిద్రపోవుటలో లేదు. మంత్రముతో అంతరాత్మను నిద్రపుచ్చుటలో నున్నది. గోగునార తూకమున రైతును మోసగించిన వర్తకుడు, కూలిడబ్బు నిలుపుకొన్న ఆసామి రాత్రి కలతచెంది జపమునకు పూనుకొనవచ్చును. ఆ కలత రోగము కాదు, సదాచారము వేసిన కేక. దానిని మంత్రముతో అణచుట శివుని తన తప్పునకు కావలివానిగా నిలుపుటయే. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమును ఏరి జంగమసేవ చేయుచుండెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును భార్య లక్కమ్మ తిరిగి యిచ్చి రమ్మనెనని శరణుల కథ. మిగులును తిరిగి యిచ్చిన యింట రాత్రి వేరు ఔషధము వెదకనేల? అట్టి వర్తకునికిని జపము తగును. బాకీ తీర్చెదనని నిశ్చయించుకొన్న పిమ్మట తగును.

అయితే నిద్ర రానివారందరు పాపులని తలచుట మహాక్రూరము. మిల్లులో రాత్రి పని చేసి పగలు కన్నుమూయ యత్నించు కార్మికుడు, జ్వరపడిన బిడ్డ ప్రక్కన కూర్చున్న తల్లి, పుత్రశోకమున నున్న తండ్రి ఏ తప్పు చేసిరి? వారికి కావలసినది ఉపదేశము కాదు, ఓదార్పు. నెలల తరబడి నిద్ర లేకున్నను, నిద్రలో ఊపిరి ఆగి ఉలికిపడుచున్నను వైద్యుని చూడవలెను. వైద్యుని ఆశ్రయించుట భక్తిలోపము కాదు.

విధానము సులభము. దీపము తగ్గించి పండుకొని, ముక్కుతో మెల్లగా గాలి పీల్చవలెను. విడుచునపుడు 'నమః శివాయ' యని సాగదీయవలెను. మొదట వినబడునట్లు, పిదప పెదవులు మాత్రము కదలునట్లు, తుదకు మనస్సున మాత్రమే. ఊపిరిని బలవంతముగ బిగబట్టరాదు; నిద్ర వచ్చెనాయని మాటిమాటికి చూచుకొనరాదు. వచ్చిన అది ప్రసాదము. రాకున్న జపము మిగిలినది, నష్టమేమి?

ఆ జపమునకు ముందొక్క ప్రశ్న వేసికొనవలెను: నేడు నేనెవరికి బాకీ? ఆ ప్రశ్నకు వెరవనివాని నిద్రకు గుడారము చుట్టును కావలి యక్కరలేదు.