మనవాళ్లు అంటే ఎవరు?

సర్పంచ్ ఎన్నికలు వచ్చినప్పుడల్లా బయటివాళ్లు మా గురించి ఒక మాట అంటారు: "వీళ్లు ఆలోచించి ఓటు వేయరు, చుట్టరికం చూసి వేస్తారు." ఆ మాటలో కొంత నిజముంది, కొంత అన్యాయముంది. రెండింటినీ విడదీసి చూడాలి.

మా ఆదిలాబాద్ గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు ఉన్నాయి. ఒకే సగలో పుట్టినవాళ్లంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పిల్లనిచ్చి పుచ్చుకునేది వేరే సగతోనే. అందువల్ల ఊళ్లో పోటీచేసే ప్రతి గోండు మనిషీ మాకు అన్నో బావో, అక్కో వదినో అవుతారు. చావు ఇంటికి ముందుగా ఎవరు వస్తారో, పండుగనాడు మాంసం పోగులు ఎవరు సమంగా వేస్తారో, అప్పు తీసుకుని ఎవరు మాట తప్పుతారో అందరికీ తెలుసు. పట్నం ఓటరుకు ఈ ఎరుక దొరకదు. దీన్నిబట్టి ఓటు వేస్తే అది ఆలోచన లేని ఓటు కాదు.

అయితే అదే చుట్టరికం ఒక్కోసారి మనిషిని చూడడం మాని ఇళ్లు లెక్కపెడుతుంది. "మనవి ఎన్ని ఇళ్లు? వాళ్లవి ఎన్ని?" వంద ఇళ్ల గోండు ఊరూ, పది ఇళ్ల కోలాం గూడెమూ ఒకే పంచాయతీలో ఉన్నాయనుకుందాం. ఈ లెక్కలో కోలాములు ఎటు వేసినా గెలుపు మారదు. అప్పుడు వాళ్ల బోరింగు చెడిపోతే పట్టించుకునేదెవరు? ఊరి దేవుళ్లను కొలవడానికి మా పెద్దలు కోలాం పూజారిని పిలిచేవారు. దేవుడి దగ్గర ముందు నిలబెట్టిన మనిషిని పంచాయతీలో వెనక్కి నెట్టడం ఏ ధర్మం?

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ షెడ్యూల్డ్ తెగలకే ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఎక్కువమంది లెక్కలో మన గొంతు మునిగిపోకూడదనే ఆ రక్షణ. దాన్ని పొందిన మనం మనకన్నా చిన్నవాళ్ల మీద అదే లెక్క వాడవచ్చా?

చుట్టరికాన్ని వదులుకోమని మేము చెప్పడం లేదు. పోలింగ్ అయిన మధ్యాహ్నమే లెక్కింపు మొదలవుతుంది, ఏ ఇల్లు ఎటు వేసిందని సాయంత్రానికే గుసగుసలు వస్తాయి. ఆ గుసగుసలతో పెళ్లి పిలుపులు ఆగిపోకూడదు. రహస్య ఓటు బంధుత్వానికి శత్రువు కాదు. బావకు ఓటు వేయకపోయినా బావ ఇంటి పెళ్లికి పందిరి వేయడానికి వెళ్లగలుగుతున్నామంటే దానివల్లే. ఇక బావే గెలిస్తే గ్రామసభలో లెక్క అడిగే చనువు పరాయివాళ్లకన్నా మనకే ఎక్కువ. ఎగతాళిగానైనా నిలదీయవచ్చు. అడగాల్సిన చోట నోరు మూసుకుంటే ఆ బంధుత్వం ఊరికి పనికిరాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి ఎవరైనా మీ ముందు ఇళ్లు లెక్కపెడితే, కోలాం గూడెం బోరింగు గురించి వాళ్ల అభ్యర్థి ఏమన్నారో అడగండి. జవాబు విన్నాకే ఓటు ఎవరికో తేల్చుకోండి.