తల్లి సంకటము – శరణుల ధర్మము



రెండు మార్గములలో నొకటి పుణ్యము, రెండవది పాపమని స్పష్టముగా గోచరించునప్పుడు సంకటమే లేదు. ఎటు అడుగిడినను హృదయము కోతపడునప్పుడే మనుజునకు గురుబోధ అవసరమగును. కోరక వచ్చిన గర్భమును నిలుపుకొనుటయా, తీయించుకొనుటయా యను తల్లి సంకటమట్టిది.

దృష్టాంతముగా నర్సంపేట ప్రాంతపు ఒక లింగాయత గృహిణిని భావింపుడు. వయస్సు ముప్పదియెనిమిది. ఇద్దరు బిడ్డలు. రెండవ కాన్పున విపరీతముగా రక్తస్రావమై ప్రాణము దక్కుటయే గగనమైనది. భర్త మిర్చి, పత్తి పండించు చిన్న రైతు. జాగ్రత్తలు విఫలమై మరల నెల తప్పినది. ఈ కాన్పు ప్రాణాపాయకరము కావచ్చునని వైద్యురాలు హెచ్చరించినది. "శివుడిచ్చినదాన్ని వద్దంటవా బిడ్డా?" అని అత్తగారు కంటతడి పెట్టినది. భర్త మౌనము వహించినాడు. పది రాత్రులు నిద్రలేక ఆలోచించి, "నేను లేకుంటే ఈ ఇద్దరినెవరు చూస్తరు అత్తమ్మా?" అని ఆమె గర్భము తీయించుకొనుటకే నిశ్చయించినది. ఇంటికి వచ్చిన పిదప ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొనుటకు ఆమె చేతులు వణకినవి. తానపవిత్రురాలనని తలచి పూజ మానివేసినది.

ఈ తల్లికి బసవ ధర్మము చెప్పు సమాధానమేమి?

ధర్మశాస్త్రములు భ్రూణహత్యను ఘోరపాతకముగా బేర్కొన్నవి. ఆ మాటను దాచుట న్యాయము కాదు. మన సంప్రదాయమునందును గర్భమునకు గొప్ప గౌరవము కలదు. ఎనిమిదవ మాసమున గర్భస్థ శిశువునకే లింగసంస్కారము గావించు ఆచారము మనది. కావున ఇది తేలికగా దీసికొనదగిన నిర్ణయము కాదు. అయితే ఆ పది రాత్రుల నిద్రలేమియే ఆ తల్లి దానిని తేలికగా దీసికొనలేదనుటకు సాక్ష్యము. ఆమె జీవమును ద్వేషింపలేదు. ఉన్న జీవములకు ఆధారమైన తన ప్రాణమును కాపాడుకొన్నది. కరుణ లేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మముగా నంగీకరింపలేదు. శాస్త్రవాక్యమును జూచి తల్లి ప్రాణమును జూడనివాడు ఆ బోధను సగమే విన్నవాడు.

కేవలము ఆడపిల్లయని గర్భమును దీయించుట వేరు మాట. అది సంకటము కాదు, అన్యాయము. లింగనిర్ధారణ పరీక్షలను 1994 నాటి చట్టము నిషేధించినది. స్త్రీపురుష భేదము లేక లింగదీక్ష నిచ్చు ధర్మమున బుట్టినవారికి ఆ చట్టముతో పనిలేకయే ఇది తెలియవలెను.

ప్రాణాపాయమున గర్భిణి మొర వినని సమాజమేమగునో లోకము చూచినది. కర్ణాటకలోని బెళగావికి చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 2012 అక్టోబరు 28న ఐర్లండు దేశపు గాల్వే నగరమున మరణించెను. అప్పటి కామెకు 31 ఏండ్లు. 17 వారముల గర్భము నిలువదని తెలిసియు, పిండపు గుండె కొట్టుకొనుచున్నదని ఆమె కోరిన చికిత్సను నిరాకరించిరి. రక్తము విషపూరితమై ఆమె అసువులు బాసెను. 2018 మే 25న ఆ దేశప్రజలు తమ రాజ్యాంగమున గర్భస్రావమును నిరోధించు నిబంధనను తొలగింపవలెనని తీర్పిచ్చిరి.

మన దేశమున 1971 లోనే ఇందుకు చట్టము వచ్చినది. 2021 సవరణ ననుసరించి 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. నిర్దేశించిన కొన్ని పరిస్థితులలో 24 వారముల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము కావలెను. పదునెనిమిదేండ్లు నిండి, మతిస్థిమితము గల స్త్రీకి తన సమ్మతియే ప్రమాణము. భర్త సంతకము చట్టరీత్యా అవసరము లేదు. ఆమె వివరములు గోప్యముగా నుంచవలెను. ఇది తెలియక, సిగ్గుచే నాటుమందులను, అర్హత లేని చేతులను ఆశ్రయించి ప్రాణము పోగొట్టుకొనరాదు.

భర్తలు కూడ ఆత్మపరీక్ష గావించుకొనవలెను. సంతానము ఇద్దరిదైనప్పుడు, నియంత్రణ భారమంతయు స్త్రీ శరీరముపై మోపుట ఏ సదాచారము? పురుషునకు చేయు శస్త్రచికిత్స చిన్నది, సులభమైనది. దానికి జంకి, పిదప మౌనము వహించువాడు గృహస్థ ధర్మమున వెనుకబడినవాడే.

ఇక ఆ తల్లి మానిన పూజ మాట. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి – ఈ పంచసూతకములను శరణులు త్రోసిపుచ్చిరి. లింగాంగికి అంటు లేదు. దేహమునుండి లింగమును వేరుచేయరాదన్నది మన ఆచారము. దుఃఖించుచున్న దేహమునకు ఈ నియమము సడలునా? ఆమెకు దుఃఖించు హక్కు కలదు, కన్నీటితోనే లింగమును పూజించు హక్కును కలదు. పుణ్యపాపముల లెక్క ఆమెకును లింగమునకును నడుమనున్నది. అందు ఇరుగుపొరుగునకు స్థానము లేదు. మఠములోని గురువులు అట్టి తల్లి గడప త్రొక్కినచో ప్రశ్నింపక విభూతి నొసంగుదురు గాక!

ఒక సాయంకాలమున అత్తగారే పూజాపీఠము తుడిచి, పత్రి సిద్ధముచేసి, "రా బిడ్డా, పొద్దుగూకుతున్నది, లింగపూజ చేసుకో" అని పిలిచినచో, ఆ పిలుపే ఆ యింట బసవవాణి. అట్టి పిలుపు మన ప్రతి యింటను వినబడును గాక!