మంద్ర తీగె

బుచ్చిరెడ్డిపాలెములో మా ఆరాధనయందు బేస్ గిటారు వాయించు యౌవనస్థుడొకడు క్రొత్త తీగెలు బిగించెను. గుండ్రని తీగె చుట్టినవి. ఇంట మీటగా గంటవలె మ్రోగినవి. ఆదివారమున డోలకు, హార్మోనియము, సంఘపు గొంతుల నడుమ గీకుడు మాత్రమే వినబడెను. "అయ్యగారూ, ఇంట మంచిదైన స్వరము ఇక్కడ చెడిపోయెనేమి?" అని అడిగెను.

ఒంటరిగా మంచి స్వరమనునది కలదా? ఆ మంద్ర తీగె సెకనుకు సుమారు 41 మారులు కంపించును. పాటను క్రిందనుండి మోయుట దాని పని. 1960లలో డెట్రాయిట్‌లో పేరొందిన జేమ్స్ జేమర్సన్ చదునైన రేకు చుట్టిన తీగెలనే వాడెను, అవి తెగిననే గాని మార్చుట అరుదు. వాటిక్రింద స్పాంజి కూడ నుంచెను. మన తంబురాలో తీగె క్రింది నూలుపోగు నాదమును విప్పును, ఇది అణచును.

ఆలాగే చేయుమంటిని. చేసెను. తల్లి విని, "వాద్యము చెడినదా?" అనెను. ఆదివారమున మాత్రము ముసలివారు సయితము తాళము తప్పలేదు.

అయినను నాకొక సందేహము. పడుచువారిని అణచుటకే పెద్దలము అణకువను బోధించుట లేదా? మరుసటి వారము అతడు స్పాంజిని సగము కోసివేసెను. నేనేమియు అనలేదు.