అత్తమామలకు ఏ గడప?

తుమ్మలపల్లె యనగానే బయటివారికి 2012లో ఉత్పత్తి యారంభించిన యురేనియము గని తలపునకు వచ్చును. నేను చెప్పబోవునది మిద్దెల మాట. నాపరాతి గోడలు లేపి, దూలములపై దంతెలు పరచి, చౌడుమన్ను కప్పిన మిద్దెలు ఈ సీమలో నేటికిని గలవు. వానిని బాగుచేయ బూనిన గృహస్థునికి తటస్థించు ధర్మసందేహ మొకటి యున్నది.

మగసంతతి లేని వృద్ధదంపతులను కూతురును అల్లుడును తమ యింట నుంచుకొన నిశ్చయించిరనుకొందము. మిద్దెకు చేర్చి వాటా యొకటి కట్టవలెను. దానికి వేరుగా వాకిలియు పొయ్యియు నుండవలెనా, నడవలోనుండియే దారి చాలునా? మేస్త్రి కొలతలే యడుగును. కాని “అల్లుని పంచన పడియున్నారు” అను మాట ముసలివారికి సంగటిముద్ద గొంతు దిగనీయదు. కుమారుని యింట భుజించుట హక్కనియు, కుమార్తె యింట భుజించుట తలవంపనియు నెవరు విధించిరి? ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు సమభాగమును 1985లోనే మన రాష్ట్రము, అప్పటికి వివాహము కానివారికి, ఇచ్చినది. 2005లో కేంద్రశాసనము దానిని దేశమంతటికి విస్తరించినది. తల్లిదండ్రుల పోషణకై చేసిన 2007వ సంవత్సరపు చట్టము కుమారునితోపాటు కుమార్తెను గూడ బాధ్యురాలిని చేసినది. అల్లుని పేరు మాత్ర మందులేదు.

బసవపురాణమున పాల్కురికి సోమనాథుడు చెప్పిన బెజ్జమహాదేవి కథ మన యిండ్లలో తెలియనివా రుండరు. శివునికి తల్లి లేదే యని జాలిగొని, ఆ తల్లి తానే యయ్యెను. నీళ్లుపోసి, పాలు త్రాపి పెంచెను. కనకయే తల్లి కావచ్చునేని, పుట్టకయే కొడుకగుటకు అల్లునికి అడ్డమేమి?

వేరుపొయ్యి వేరుకాపురమునకు దారియని కొందరందురు. నేనట్లు తలపను. వేకువనే లేచి స్నానము చేసి, ఇష్టలింగార్చన ముగించుకొను పెద్దలు గుక్కెడు అంబలికై కూతురు లేచువరకు కాచియుండ నేల? వారు కోరినచో పొయ్యి కట్టవలసినదే. లోపలి తలుపు నుండవలసినదే. దాని గడియ మాత్రము వారి వైపున నుండవలెను. మన వైపున నున్నచో అది సామానుల కొట్టు వంటిదగును.

కప్పు విషయమునను ధర్మమున్నది. మందముగా మన్నుకప్పిన మిద్దె వేసవిలో చల్లగా నుండును. సిమెంటు కప్పు పగటియెండను మ్రింగి రాత్రియంతయు వేడిమి గ్రక్కును. క్రొత్తగది గౌరవమని పడమటి సిమెంటుగదిలో పెద్దలనుంచి, పాతమిద్దెలో తాము పరుండువారు గలరు! స్నానపుగదికి నునుపుబండ పరచరాదు, తడిసిన జారును. గరుకుబండ తక్కువ వెలకే వచ్చును. గడప యెత్తు తగ్గింపవలెను. మరుగుదొడ్డి పెరటి చివర నుండరాదు.

ఇక ధనము. తమ చేను వ్రాసియిచ్చి, దానిపై వాటా కట్టుడని పెద్దలనవచ్చును. అట్లయిన పోషణ షరతును దస్తావేజులోనే వ్రాయింపవలెను. పోషణ తప్పినచో అట్టి దానమును రద్దుపరుపు మార్గము 2007వ సంవత్సరపు చట్టముననే యున్నది. షరతు వ్రాయింపుమని అల్లుడే ముందుగా ననుట మేలు. మామగారు నోరుతెరచి యడుగలేరు.

వారి పిమ్మట ఆ వాటా అద్దెకు పనికివచ్చునని లెక్కవేసి కట్టువారును గలరు. లెక్క తప్పుగాదు, కాని వారు అరుగుమీద కూర్చుండి వినుచుండగా మేస్త్రితో ఆ మాట యనకుందురు గాక.