ఉచితమూ, స్వేచ్ఛా

తెలుగులో “ఉచితం” అనే మాటకు తగినది అన్నది తొలి అర్థం. డబ్బివ్వకుండా దొరికేది అన్నది తర్వాత వచ్చి చేరింది. చేరి, మొదటిదాన్ని దాదాపు మింగేసింది. ఇంగ్లీషులో “ఫ్రీ” అనే వొక్క మాటలోనే స్వేచ్ఛా, ఉచితమూ కలిసిపోయి చిక్కు తెచ్చిపెడితే, మనకు ఆ చిక్కు లేదని మనవారు సంతోషించారు. 2005లో హైదరాబాదులో పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ తన పేరే “స్వేచ్ఛ” అని పెట్టుకొంది. పేరులో సందిగ్ధమేమీ లేదు. సందిగ్ధమంతా మన ఆచరణలో వుంది. స్వేచ్ఛ అని పైకి చదివి, ఉచితం అని లోపల అర్థం చెప్పుకొన్నాం. వెల లేకుండా అందరికీ అందే వస్తువును వాడుకొనేవాడు యెవరికైనా బాకీ పడతాడా అనే ప్రశ్న మనకు తట్టకపోవడానికి కారణం అదే.

నాకూ తట్టలేదు. చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ వొక కళాశాలలో నేను తెలుగు పాఠాలు చెబుతాను. గ్రంథాలయ పుస్తకాల పట్టిక తయారుచేసే పని నెత్తిన పడబట్టి కంప్యూటర్ గదిలో కూర్చోవలసి వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. తర్వాతి కూర్పు చాలా పాత యంత్రాలను అంగీకరించదు. వాటిలో ఫలానా చిప్పు వుండాలి, ఫలానా తరం ప్రాసెసరు వుండాలి. చక్కగా పనిచేస్తున్న యంత్రాలను పారేసి కొత్తవి కొనాలన్నమాట. డిగ్రీ ఆఖరు సంవత్సరం విద్యార్థి వొకడు వచ్చి, “సార్, ఖర్చేమీ వద్దు” అని డెబియన్ 13 యెక్కించాడు. అది 2025 ఆగస్టు 9న విడుదలైన కూర్పు. యంత్రాలు లేచి కూర్చున్నాయి, మేమంతా చప్పట్లు కొట్టాం.

కాని మూలనున్న రెండు యంత్రాలు లేవలేదు. అవి ముప్ఫైరెండు బిట్లవి. డెబియన్ 13 వాటికి స్థాపక కార్యక్రమాన్నీ కెర్నెల్‌నూ ఇవ్వడం మానేసింది. అజ్ఞాతంగా, జాడ మిగల్చకుండా పనిచేసుకొనేందుకు పెన్‌డ్రైవ్ నుంచి నడిచే టెయిల్స్ అనే సిస్టం కూడా, 2025 సెప్టెంబరులో వచ్చిన 7.0 కూర్పుకు రెండు జీబీ మెమొరీ చాలదని, మూడు కావాలని చెప్పింది. ఆనాటి నా మొదటి స్పందన కోపమే: వీళ్లూ అంతేనా! తర్వాత ఆలోచిస్తే ఆ కోపానికి అర్హత వున్నదా అని అనుమానం వచ్చింది. కంపెనీ వద్దన్నప్పుడు తలుపు మూసుకుపోతుంది. ఇక్కడ తలుపు తెరిచే వుంది. సోర్స్ కోడు యెదుట వుంది, పాత యంత్రాలకు పనిచేయించుకొనే హక్కూ వుంది. లేనివి చేతులు.

ఆ చేతులెవరివో తెలుసుకోవాలంటే 2024 మార్చి సంఘటన చూడాలి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం వుంది. లినక్సు యంత్రాలన్నిటిలోనూ అది యెక్కడో అడుగున వుంటుంది. దాన్ని యేళ్ల తరబడి చూసుకొన్నవాడు లాస్సె కొలిన్ అనే ఫిన్లండు ప్రోగ్రామరు, ముఖ్యంగా వొక్కడే. ఇది జీతం లేని పని అనీ, తన ఆరోగ్యం బాగాలేదనీ 2022లో ఆయన బహిరంగంగానే రాశాడు. అప్‌డేటు యెందుకు ఆలస్యమని నిలదీసినవాళ్లున్నారు. జియా టాన్ అనే పేరుతో సాయానికి వచ్చినవారు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 2024 ఫిబ్రవరి కూర్పులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరంనుంచి యంత్రంలోకి ప్రవేశించేటప్పుడు అర సెకను ఆలస్యం యెందుకవుతోందని తవ్వి, మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. ఆయన మైక్రోసాఫ్టు ఉద్యోగి కావడం మనవారికి కొంత మింగుడుపడని సంగతి. కాని సోర్స్ కోడు తెరిచి వుండబట్టే ఆయన తవ్వగలిగాడు. అది తెరిచి వుంటే చాలదని, చదివేవాడు కూడా వుండాలని ఆ అర సెకనే చెప్పింది.

భద్రత మనకెందుకు, మనమేమన్నా దొంగలమా అని స్టాఫ్‌రూములో అనే పెద్దలున్నారు. 2021 ఫిబ్రవరిలో ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికన్ సంస్థ, భీమా కోరేగాఁవ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాపులోకి బయటివారు చొరబడి పత్రాలు చొప్పించారని నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. తెలుగు కవి వరవరరావు ఆ కేసులోనే 2018లో అరెస్టయ్యాడు. డెబియన్ వుంటే ఇది జరిగేది కాదని నేను అనడం లేదు. తన యంత్రంలో యేముందో తాను చెప్పలేని మనిషి తన నిర్దోషిత్వాన్ని కూడా ఇతరుల చేత చెప్పించుకోవలసి వస్తుందంటున్నాను.

ఇక బాకీ సంగతి. మిత్రుడొకరు గట్టి ఆక్షేపణే చేశారు: “ఆ కూలిలేని శ్రమమీద లాభాలు చేసుకొంటున్నవి మహా కంపెనీలు. వాటి సర్వర్లన్నీ లినక్సే. మొయినాబాదు రైతు కొడుకు బాకీ తీర్చాలా?” న్యాయమైన మాట. లాభాన్ని బట్టి బాకీ వుండాలి; ఆ లెక్కన మా విద్యార్థి వంతు అణువంత. కాని ఆ అణువును సున్న చేయడం దగ్గరే నాకు పేచీ. కెర్నెల్ మీద జరిగే పనిలో అధికభాగం ఇవాళ కంపెనీల జీతగాళ్లు చేస్తున్నదే. పనిచేసేవాడే దారి నిర్ణయిస్తాడు. పాత యంత్రాలను వదిలెయ్యాలన్నా, తెలుగును పక్కన పెట్టాలన్నా వాళ్ల దుర్మార్గం అక్కరలేదు, మన గైర్హాజరు చాలు. మొయినాబాదు మండలంలోనే వున్న చిలుకూరు గుడికి అమెరికా వీసాకోసం మా కుర్రాళ్లు పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకొంటారు, అది వచ్చాక నూట యెనిమిది చేస్తారు. ఆ గుడికి హుండీ లేదు. హుండీ లేకపోయినా ప్రాంగణం వూడ్చేవారు యెవరో వున్నారు. డబ్బు అడగని చోట మనిషి చూడవలసింది చీపురు వైపు. ప్రదక్షిణల నిష్ఠలో పదోవంతు తప్పులు వెతకడంలో పెడితే చాలునని కుర్రాళ్లతో అన్నాను. వాళ్లు నవ్వి వూరుకొన్నారు.

అలాగని ప్రతి విద్యార్థీ ప్రోగ్రామరు కానక్కరలేదు. కళాశాలకు కొత్త యంత్రాలమీద మిగిలిన డబ్బు వుంది. అందులో కొంత ఆ పనిచేసేవారికి చేరడం ధర్మమని సమావేశంలో అన్నాను. పద్దు లేదన్నారు. తెలుగు మాష్టారికి వేరే పని దొరికింది: తెర మీద తెలుగు యెంచుకొంటే సగం మాటలు ఇంగ్లీషులోనే మిగులుతున్నాయి, తెలుగైనవి కొన్ని యెవరికీ తెలియవు. సాయంత్రాలు ఆ విద్యార్థీ నేనూ కూర్చుని దిద్దుతున్నాం. మూలనున్న రెండింటికీ అతడు పాత కూర్పు 12 యెక్కించాడు, ఇంకొంతకాలం నడుస్తాయట.

మాకు తగవు “నవీకరణ” దగ్గర వచ్చింది. ఆ మాట పెడితే యే పిల్లవాడూ మీట నొక్కడని అతను. “అప్‌డేటు” అని వదిలేస్తే తెలుగు యెందుకని నేను. “మరమ్మతు” అందామన్నాను. పాడైన దానికి కదా మరమ్మతు, సార్, అన్నాడు. ఫైలు నా దగ్గరే వుంది, ఇంకా పంపలేదు.